హాల్టింగ్ ఎవరి ఖాతాలో? లాంగ్ లైన్ దిగి లోకల్ బండి ఎక్కేవాళ్ళ లెక్కలు

పోయిన నెల నాగ్‌పూర్ నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. ఒకప్పుడు నా బండి మీద క్లీనర్, ఇప్పుడు పన్నెండు టైర్ల బండికి డ్రైవర్. "అన్నా, మూడు రోజులైంది, రిటర్న్ లోడు లేదు. రేటు కుదరలేదు, ఆగమంటడు ఓనరు. ఇగ నాతోని కాదన్నా. హైదరాబాద్‌ల ఏదన్న లోకల్ బండి చూడు, జీతం తక్కువైనా మంచిదే" అన్నాడు. ఆ ఆఖరి మాట వినగానే నాకు భయమేసింది. తొమ్మిదేళ్ల కింద నేనూ సరిగ్గా అదే మాట అనుకుని లైన్ (దూరప్రాంతాల లారీ పని) దిగాను, నాలుగు నెలలు తిరగకుండానే మళ్ళీ లైన్ ఎక్కాను. సరిగ్గా దిగడం ఎట్లాగో తెలియడానికి ఇంకో రెండేళ్లు పట్టింది.

వాడికి ఫోన్లో అరగంట చెప్పాను, అందులో సగం టవర్ లేక కొట్టుకుపోయింది. వాడిలాంటి వాళ్ళు ఆటోనగర్‌లో ఏ టీ కొట్టు దగ్గర నిలబడ్డా ఇద్దరు ముగ్గురు కనబడతారు కాబట్టి, ఆ చెప్పిందేదో ఇక్కడ కుదురుగా రాస్తున్నా.

లాంగ్ అంటే ఎక్కువ దూరం, లోకల్ అంటే తక్కువ దూరం అని అందరూ అనుకుంటారు. దూరానికీ డ్రైవర్ కష్టానికీ నిజానికి అంత సంబంధం లేదు, బండి నడుస్తున్నంతసేపు ఏ డ్రైవరూ ఏడవడు. ఏడిపించేది బండి ఆగిన టైము. లోడు కోసమో, అన్‌లోడింగ్ కోసమో బండి కదలకుండా నిలబడితే మా దాంట్లో దాన్ని హాల్టింగ్ అంటారు. పార్టీ, అంటే సరుకు పంపేవాడో తీసుకునేవాడో, గేటు ముందు రెండు రోజులు నిలబెడితే ఓనరు హాల్టింగ్ చార్జీ అడుగుతాడు, కొన్నిసార్లు వస్తుంది, చాలాసార్లు బేరమాడి సగం చేస్తారు. అందులోంచి డ్రైవర్ చేతికి వచ్చేది మహా అయితే ఆ రోజు బత్తా, అంటే తిండి ఖర్చు. ట్రిప్పు గుత్తకి మాట్లాడుకున్నవాడికైతే అదీ లేదు, ఆ రెండు రోజులు అన్నం ఖర్చు ఎదురు.

2017 జూలైలో జీఎస్టీ వచ్చాక రాష్ట్రాల సరిహద్దుల్లో అమ్మకం పన్ను చెక్‌పోస్టులు ఎత్తేశారు, 2018 ఏప్రిల్ నుంచి ఈ-వే బిల్లు వచ్చింది, 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి అయింది. అంటే రోడ్డు మీద ఆగడం నిజంగానే తగ్గింది. అంతకు ముందు సరిహద్దులో కాగితాల కోసం పూట పూటంతా పడిగాపులు పడ్డవాళ్ళం మేము, అది తగ్గితే మాకు ఇంట్లో ఒక రోజు ఎక్కువ దొరుకుతుందనుకున్నాం. దొరకలేదు. మిగిలిన టైముకి ఓనరు ఇంకో ట్రిప్పు లెక్కేసుకున్నాడు, ఫ్యాక్టరీ గేటు ముందు క్యూ మాత్రం అట్లాగే ఉంది.

లోకల్‌కి రావాలనుకునేవాడు జీతం ఎంత అని అడిగే ముందు, బండి ఆగిన టైముకి డబ్బు ఎవరిస్తారు అని అడగాలని నేను పట్టుబట్టేది అందుకే. ఆ ఖర్చు డ్రైవర్ మీదే పడితే, బండి హైదరాబాద్ దాటకపోయినా అది లైన్ పనే.

ఇప్పుడు డబ్బు సంగతి. ఊరికే లెక్క కోసం అనుకుందాం, అందరికీ ఇవే అంకెలని కాదు. హైదరాబాద్ నుంచి ఢిల్లీ దాదాపు 1,600 కిలోమీటర్లు, లోడు బండికి నాలుగైదు రోజులు. అక్కడ అన్‌లోడింగ్, రిటర్న్ లోడు కలిపి రెండు మూడు రోజులు, మళ్ళీ వెనక్కి ఐదు. నెలకి రెండు ట్రిప్పులు దాటవు. ట్రిప్పుకి 16,000 మిగిలిందనుకుంటే నెలకి 32,000. ఇంటికి ఫోన్ చేసి చెప్పేది ఈ అంకే. కానీ రోడ్డు మీద ఉన్న 26 రోజులకి టిఫిన్, రెండు పూటల భోజనం, టీలు, స్నానం, ఫోన్ రీచార్జ్ కలిపి రోజుకి 350 వేసుకున్నా 9,100 పోతుంది. చేతికి మిగిలేది 22,900. ఇంట్లో తినేవాడికి ఈ ఖర్చులో చాలా భాగం విడిగా కనబడదు, కుటుంబం బియ్యంలోనే కలిసిపోతుంది. కాబట్టి 22,000 జీతమున్న లోకల్ పనికి, 32,000 చెప్పుకునే లైన్ పనికి తేడా పదివేలు కాదు, వెయ్యి రూపాయల లోపు.

ఈ లెక్క చూసి ఎగిరి గంతేయొద్దు. లోకల్‌లోనూ కనబడని ఖర్చులున్నాయి, నేను మొదటిసారి దెబ్బ తిన్నది అక్కడే. నా ఇల్లు హయత్‌నగర్, పని దొరికింది మేడ్చల్ వైపు ఒక గోదాములో. ఔటర్ రింగ్ రోడ్డు మెయిన్ లైన్ మీదికి బైకుని రానివ్వరు, సిటీ లోపలి నుంచే పోవాలి, రానూ పోనూ దగ్గర దగ్గర 90 కిలోమీటర్లు. బైకు 45 ఇస్తే రోజుకి రెండు లీటర్లు, లీటరు 107 చొప్పున వేసుకున్నా నెలకి ఐదున్నర వేలు. పొద్దున ఆరింటికి గేటు దగ్గర ఉండాలంటే నాలుగున్నరకి బయల్దేరాలి. డిపో ఎక్కడ, నువ్వుండేది ఎక్కడ అన్నది జీతంలో భాగమే. 19,000కి దగ్గర్లో దొరికిన పని 23,000కి ఊరవతల దొరికినదానికన్నా లాభం కావొచ్చు.

ఇంకోటి గంటల లెక్క. 22,000ని 26 రోజులకి పంచితే రోజుకి 846. తొమ్మిది గంటల డ్యూటీ అయితే గంటకి 94 రూపాయలు, పన్నెండు గంటలైతే 70. ఒకే జీతం, రెండు వేరు వేరు ఉద్యోగాలు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం (2025 నవంబర్ దాకా అమల్లో ఉంది) రోజుకి 8 గంటలు, వారానికి 48 అని పెట్టింది, ఐదు గంటలు తోలాక అరగంట విరామం అంది, విరామాలతో కలిపి మొత్తం డ్యూటీ 12 గంటలు దాటకూడదంది. చట్టం అట్లా చెప్పినా, చిన్న ఓనర్ల దగ్గర "డ్యూటీ ఎన్ని గంటలు?" అంటే "పని అయ్యేదాకా" అనే జవాబే ఎక్కువ. హాల్టింగ్ దాక్కునేది ఆ మాట వెనకే.

సిటీలో దానికి ఇంకో కారణం కూడా ఉంది, నో ఎంట్రీ. పెద్ద బండ్లని పగలు సిటీ లోపలి రోడ్ల మీదికి రానివ్వరు, రాత్రి పొద్దుపోయాకే వదులుతారు. అందుకే బేగంబజార్, ఉస్మాన్‌గంజ్ లాంటి చోట్లకి సరుకు రాత్రి దిగుతుంది, లేకపోతే ఊరి బయట గోదాముల్లో దించి చిన్న బండ్లలో పంపుతారు. లోకల్ అంటే పగలు పని, రాత్రి ఇల్లు అనుకుని వచ్చినవాడికి పెద్ద బండి దొరికిందంటే రాత్రి డ్యూటీ దొరికినట్టే. రాత్రంతా తోలి పగలు మూడో అంతస్తు రేకుల గదిలో, మే నెలలో నిద్రపోవడమంటే ఏమిటో పడుకుని చూస్తేనే తెలుస్తుంది. రోడ్డు పక్కన చింతచెట్టు కింద బండి ఆపి పడుకున్నదే నయమనిపిస్తుంది, నవ్వులాటకి చెప్పడం లేదు.

ఇక ఏ పనిలో ఏముందో నేను చూసినంతవరకు చెప్తా.

అన్నిటికన్నా తేలిగ్గా దొరికేది డీసీఎం. డీసీఎం అంటే ఒకప్పటి డీసీఎం టొయోటా బండి, ఢిల్లీ క్లాత్ మిల్స్ వాళ్ళది. కంపెనీ ఎప్పుడో పోయింది, పేరు మాత్రం హైదరాబాద్‌లో ఆ సైజు ప్రతి బండికీ అంటుకుపోయింది, ఐషర్ అయినా టాటా అయినా మనకి డీసీఎమ్మే. మేడ్చల్, కొంపల్లి, శంషాబాద్, పటాన్‌చెరు గోదాముల నుంచి సబ్బులు, నూనె, బిస్కెట్లు దుకాణాలకి వేసే పని. ఇక్కడ అడగాల్సింది ఒకటే, హమాలీ ఎవరు? బండిలో హెల్పర్ ఉన్నాడంటారు, నాలుగో రోజు ఆ హెల్పర్ రాడు, డబ్బాలు నువ్వే దించుతావు, ఆ తర్వాత అది అలవాటైపోతుంది. సరుకు తగ్గితే ఎవరి జీతంలో కోత? నా మొదటి లోకల్ ఓనరు నాలుగు నెలల్లో రెండుసార్లు నూనె డబ్బాల లెక్క నా మీద వేశాడు, లోడు చేసింది నేను కాదు, లెక్కపెట్టింది నేను కాదు, సంతకం మాత్రం నాది. అప్పటి నుంచి లెక్క చూడకుండా సంతకం పెట్టలేదు.

టిప్పర్ వైపు మాత్రం పోవద్దని నా మాట. మొరం, ఇసుక, కూల్చిన ఇళ్ళ మట్టి, అన్నీ ట్రిప్పు లెక్కే. రాత్రి పన్నెండు నుంచి తెల్లారేలోపు ఎన్ని ట్రిప్పులు కొడితే అంత. ఆ తొందరలో ఏం జరుగుతుందో పేపర్లో చూస్తూనే ఉన్నాం.

రెడీమిక్స్ బండి కొంచెం వేరు. కోకాపేట, నార్సింగి, గచ్చిబౌలి వైపు కట్టే టవర్లకి కాంక్రీటు తీసుకుపోయే బండి, వెనక డ్రమ్ము తిరుగుతూ ఉంటుంది. నీళ్ళు కలిపాక దాదాపు రెండు గంటల్లో కాంక్రీటు దిగిపోవాలి, లేకపోతే గట్టిపడడం మొదలవుతుంది, కాబట్టి ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఆ టెన్షన్ మొత్తం డ్రైవర్‌దే. ఐతే ఒక మంచి సంగతి, ఆ తొందర కంపెనీకి కూడా ఉంటుంది. సైటు దగ్గర బండి ఊరికే నిలబడితే వాళ్ళ సరుకే పాడవుతుంది, అందుకే నిలబెట్టరు. షిఫ్టు జీతం, ఓవర్‌టైమ్ పద్ధతి ఉన్న ప్లాంట్లు దొరుకుతాయి. అడిగి చేరాలి.

వాటర్ ట్యాంకర్ సీజన్ పని. ఎండాకాలం తిండికి టైముండదు, రెండు మంచి వానలు పడ్డాయంటే బండి మూలకి. జలమండలికి పెట్టిన 5,000, 10,000 లీటర్ల బండ్లకి కొంచెం నిలకడ ఉంటుంది, ప్రైవేటు బండికి ఆ మాత్రం కూడా ఉండదు.

నా మట్టుకు నాకు అన్నిట్లోకీ మంచిదనిపించేది పెట్రోల్, డీజిల్ ట్యాంకర్. చర్లపల్లి, ఘట్‌కేసర్ డిపోల నుంచి బంకులకి. బంకు దగ్గరైతే పొద్దున నింపుకుని పోయి రాత్రికి ఇంటికి రావొచ్చు. లైన్ డ్రైవర్‌కి ఉన్న ఓపిక, బండి మీద పట్టు ఇక్కడ పనికొస్తాయి, వేరే చోట్ల వాటికి విలువ కట్టరు. దీనికి హెవీ లైసెన్స్ ఒక్కటే చాలదు, ప్రమాదకర సరుకుల శిక్షణ మూడు రోజులు తీసుకుని లైసెన్స్ మీద రాయించుకోవాలి, ఆ లైసెన్స్ మూడేళ్లకే రెన్యువల్‌కి వస్తుంది. మామూలు ట్రాన్స్‌పోర్ట్ లైసెన్స్‌కి 2019 సవరణ తర్వాత ఐదేళ్లు. ఈ శిక్షణకి మూడు రోజులు సెలవు పెట్టలేకే చాలామంది ఏళ్ల తరబడి ఆగిపోతారు, లోడు లేక నాగ్‌పూర్‌లో కూర్చున్నది కూడా మూడు రోజులే కదా. 2024 జనవరి మొదట్లో హిట్ అండ్ రన్ చట్టం మీద ట్యాంకర్ డ్రైవర్లు బండ్లు ఆపితే హైదరాబాద్ బంకుల ముందు కిలోమీటర్ల క్యూలు, ఒక డెలివరీ కుర్రాడు గుర్రమెక్కి అన్నం పార్సిల్ తీసుకుపోయిన వీడియో అందరూ చూసే ఉంటారు. ఈ డ్రైవర్లు ఒక్క రోజు ఆగితే ఏమవుతుందో అప్పుడు ఊరికి తెలిసింది.

స్కూల్ బస్సుకి మర్యాద ఉంటుంది, జీతం తక్కువ. హెవీ బండి తోలిన ఐదేళ్ల అనుభవం అడుగుతారు, మనకది ఉంది. పొద్దున మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు, మధ్యలో ఖాళీ అంటారు. ఆ మధ్య టైము నీదా, స్కూలుదా? బస్సు స్కూల్లోనే ఉండి నువ్వు కూడా అక్కడే కూర్చోవాలంటే పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా పన్నెండు గంటల డ్యూటీ, జీతం ఆరు గంటలకి. ఏప్రిల్ ఆఖరు నుంచి జూన్ దాకా సెలవుల్లో జీతం ఇస్తారో లేదో చేరే రోజే అడగాలి. మే నెల మధ్యలో బస్సుల ఫిట్‌నెస్ గడువు తీరుతుంది, ఆ పనికి మాత్రం డ్రైవర్‌ని పిలుస్తారు, జీతం అనేసరికి సెలవులంటారు.

ఆర్టీసీలో పర్మినెంట్ ఉద్యోగమంటే అందరికీ ఆశే. 2025లో 1,000 డ్రైవర్ పోస్టులకి నోటిఫికేషన్ వేశారు, కానీ వయసు పరిమితి ఉంటుంది, లైన్ మీద పదిహేనేళ్లు గడిపినవాడు చాలావరకు ఆ గీత దాటేసి ఉంటాడు. ఎలక్ట్రిక్ బస్సుల మీద డ్రైవర్లు వాటిని నడిపే ప్రైవేటు సంస్థల మనుషులు, ఆర్టీసీ ఉద్యోగులు కారు, చేరేవాడు ఆ తేడా తెలుసుకుని చేరాలి.

పీఎఫ్ సంగతి ఎత్తితే మనవాళ్ళు మొహం చిట్లిస్తారు, చేతికి వచ్చేది తగ్గుతుందని. 15,000 జీతం మీద నీది 12 శాతం, అంటే 1,800 కోస్తారు, కానీ ఓనరు కూడా అంతే వేయాలి. పదేళ్లు పూర్తయితే 58 ఏళ్లకి పింఛను. ఈఎస్‌ఐకి నీ వాటా 0.75 శాతమే, ఓనరుది 3.25, దాంతో ఇంటిల్లిపాదికీ వైద్యం. లైన్ మీద నడుము, మోకాళ్ళు అరగదీసుకుని వచ్చినవాడికి ఇంకో రెండు వేల జీతం కన్నా ఆ ఈఎస్‌ఐ కార్డే అవసరం. పీఎఫ్‌కి 20 మంది, ఈఎస్‌ఐకి పదిమంది పనివాళ్ళున్న చోట ఇవి వర్తిస్తాయి, రెండు బండ్ల ఓనరు దగ్గర ఇవి వెతకొద్దు. అందుకే కొంచెం పెద్ద సంస్థలో తక్కువ జీతానికి చేరినా తప్పులేదంటాను.

కొత్త బండి తాళం తీసుకునే రోజు చేయాల్సిన పని ఒకటుంది. బండి నంబరు మీద పెండింగ్ ఈ-చలాన్లు ఎన్ని ఉన్నాయో ఫోన్లో చూసి, ఆ తెర ఫొటో ఓనరుకే వాట్సాప్ పెట్టాలి. కెమెరా చలాన్ బండి పేరు మీద పడుతుంది, డ్రైవర్ పేరు మీద కాదు. తెలంగాణలో 2022లోనూ, 2023 డిసెంబర్‌లోనూ పెండింగ్ చలాన్లకి పెద్ద డిస్కౌంట్లు ఇచ్చారు, అప్పటి నుంచి ఓనర్లు చలాన్లు కట్టకుండా డిస్కౌంట్ కోసం ఎదురుచూడడం మరిగారు. నువ్వు మానేసే రోజు ఆ పాత బాకీ అంతా నీ ఆఖరి జీతంలోంచి పోతుంది. ఇంకోటి, లైసెన్స్ ఒరిజినల్ ఎవరి దగ్గరా తాకట్టు పెట్టొద్దు, జిరాక్స్ ఇవ్వు చాలు. లైసెన్స్ గడువు తీరి ఏడాది దాటితే మళ్ళీ టెస్ట్ పెట్టుకోవాలి, లైన్ మీద తిరుగుతూ తేదీ మర్చిపోయినవాళ్ళు నాకు తెలిసే నలుగురున్నారు.

లైన్ ఓనరు దగ్గర అడ్వాన్స్ తీసుకుని ఉంటే అది తేల్చుకోకుండా దిగొద్దు. పిల్ల పెళ్లికో, ఇంటి స్లాబుకో తీసుకున్న యాభై వేలు నిన్ను ఆ సీటుకి కట్టేసే తాడు. సగం మంది లైన్ దిగలేకపోవడానికి కారణం ఇదే, పైకి మాత్రం "నాకు సిటీ ట్రాఫిక్ పడదన్నా" అంటారు.

అట్లాగని ట్రాఫిక్ అబద్ధమని కాదు. హైవే మీద గంటకోసారి గేరు మార్చిన కాలు ఎల్బీనగర్ నుంచి ఉప్పల్ దాకా రెండు వందలసార్లు క్లచ్ తొక్కుతుంది, మొదటి నెల రాత్రిళ్ళు ఎడమ మోకాలికి ఐస్ పెట్టుకున్నాను. ఎడమ పక్క నుంచి బైకులు దూరతాయి. రివర్స్ హైవే మీద నెలకి నాలుగుసార్లు, ఇక్కడ రోజుకి నలభై. మైలేజీ పడిపోతుంది, ఓనరు డీజిల్ దొంగతనమేమో అన్నట్టు చూస్తాడు. బండి ఎక్కిన మొదటి వారమే ట్యాంకు నింపి, తిరిగిన కిలోమీటర్లు నోట్‌బుక్కులో రాసి చూపిస్తే ఆ అనుమానం అక్కడే తెగుతుంది.

ఇల్లు కూడా ఒక బండే, నువ్వు లేకుండా నడవడం దానికి అలవాటైపోయి ఉంటుంది. నేను వచ్చేశాక మూడో వారం మా ఆవిడ, "మీరు రోజూ ఇంట్లో ఉంటే టీవీ రిమోట్ కోసం పిల్లలతో పంచాయితీ అవుతుందండీ, బయట కూచోండి కాసేపు" అంది. కోపమొచ్చింది, తర్వాత నవ్వొచ్చింది. పిల్లల బడి ఫీజు, గ్యాస్ బుకింగ్, చుట్టాల పెళ్ళిళ్ళు అన్నీ ఆమె ఒక్కతే చూసుకుంది ఇన్నేళ్లు, నేను వచ్చి ఒక్క రోజులో పెత్తనం చేస్తానంటే ఎట్లా?

ఇవన్నీ అడిగినా ఓనర్లు అన్నిటికీ నిజం చెప్పరు, నాకూ తెలుసు. అందుకే తమ్ముడికి ఒక పని చెప్పాను. చేరాలనుకున్న గోదాము గేటు దగ్గరికి రాత్రి ఎనిమిదింటికి పోయి, టీ తాగుతూ, బండి పెట్టి ఇంటికి పోయే డ్రైవర్లు ఎన్నింటికి బయటికొస్తున్నారో రెండు రోజులు చూడు. వాచ్‌మన్‌ని అడుగు, ఈ ఆరు నెలల్లో ఎంతమంది డ్రైవర్లు మారారని. వాచ్‌మన్ అబద్ధమెందుకు చెప్తాడు, జీతం ఇచ్చేది అతను కాదుగా.

మొన్న ఆదివారం వచ్చాడు వాడు. రెండు గేట్లు చూశాడట, ఒకచోట రాత్రి పదకొండయినా బండ్లు లోపలే ఉన్నాయట, ఆ పని వద్దనుకున్నాడు. ఓనరుకి ఇంకా 18,000 అడ్వాన్స్ బాకీ ఉంది, అది తీరడానికి రెండు ఢిల్లీ ట్రిప్పులు. ఆ రెండిటి మధ్యలో మూడు రోజులు ఆగి ట్యాంకర్ శిక్షణ పూర్తి చేస్తానంటున్నాడు. ఆ మూడు రోజుల హాల్టింగ్ మాత్రం తన ఖాతాలోనే వేసుకుంటాడట.